ఏడో నంబరు చీటీ

పోయిన వారం చిన్నమ్మాయిని స్టీలు బీరువా ముందు నిలబెట్టి మన దారిన మనం వెళ్లిపోయాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. చేతిలో చీటీల పుస్తకం.

కొత్తగా చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. చిన్నమ్మాయి అంటే పసిపిల్ల అనుకునేరు! నలభై మూడేళ్లు నిండాయి, తల సగం నెరిసింది. పెద్దాయనకు రెండో కూతురు కాబట్టి ఆఫీసులో అందరికీ చిన్నమ్మాయే. పెద్ద కూతురు తొమ్మిదో ఏట జ్వరం తగిలి పోయింది. వారం తిరక్కుండా తల్లి ఇల్లు వదిలి పుట్టింటికి వెళ్లిపోయింది. "మీ అమ్మ సమాధి దగ్గర నిలబడి దేవుణ్ణి తిట్టిపోసింది. ఆ మొహంతో ఇక్కడ ఉండలేక పోయింది" అని మేనత్త ఐదేళ్ల పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పింది. ఆ మాటనే నిజమనుకుని చిన్నమ్మాయి ముప్ఫై ఎనిమిదేళ్లు బతికింది.

ఇప్పుడు తండ్రీకూతుళ్లిద్దరూ పాత గ్రీకులోంచి సువార్తలను ఇవాళ్టి మాటల్లోకి తెస్తున్నారు. పన్నెండేళ్ల చాకిరీ. నాలుగో సువార్త పదకొండో అధ్యాయం దగ్గర బండి ఆగింది. ప్రభువు తన స్నేహితుడు చనిపోయాడని వస్తాడు. ఏడుస్తున్న ఆ స్నేహితుడి చెల్లెల్ని చూస్తాడు, చుట్టూ ఏడుస్తున్న జనాన్ని చూస్తాడు. అక్కడ గ్రీకులో ఒక మాట ఉంది, ఎంబ్రిమావొమై. చిన్నమ్మాయి దాన్ని "ఆయనకు లోపలినుంచి కోపం పొంగుకొచ్చింది" అని రాసింది. పెద్దాయన ఆ వాక్యం కొట్టేసి పైన పెన్సిలుతో "ఆయన లోలోపల మూలిగారు" అని పెట్టాడు. ఎందుకయ్యా అంటే, "శ్రోతలకు మింగుడు పడలేదు" అన్నాడు.

వాళ్ల దగ్గర ఒక పద్ధతి ఉంది. రాసిన ప్రతి అధ్యాయాన్నీ చదువూ సంధ్యా పెద్దగా లేని పన్నెండుమందికి విడివిడిగా చదివి వినిపిస్తారు. మూడు ప్రశ్నలు అడుగుతారు. వాళ్లేం చెబితే అది, తప్పయినా ఒప్పయినా, అక్షరం మార్చకుండా చీటీ మీద రాస్తారు. శ్రోత పేరు రాయరు, వయసూ వృత్తీ రాస్తారు. పదకొండుమంది ముక్కు విరిచినా సరే, ఒక్కరు "ఇది నేను చూశాను" అని తన బతుకులోంచి చెప్పారంటే ఆ మాట కొట్టెయ్యడానికి వీల్లేదు. ఈ నియమం పెట్టింది ఎవరో కాదు, సాక్షాత్తూ పెద్దాయనే.

ఫైల్లో ఉన్నవి పదకొండు చీటీలు. ఏడో నంబరు లేదు. అడిగితే, "ఆ మనిషి మధ్యలో లేచి వెళ్లిపోయింది" అన్నాడు పెద్దాయన. సరేనని ఊరుకునే రకమా చిన్నమ్మాయి? ఆయన బల్ల మీద మరిచిపోయిన తాళంచెవి తీసుకుని పొద్దున పదింటికి బీరువా తెరిచింది. అక్కడిదాకా చదివారు మీరు.

చీటీల పుస్తకం దుకాణాల్లో రసీదు పుస్తకం లాంటిదే. పైకాగితం మీద రాస్తే కార్బన్ కింద రెండో కాగితం మీదా పడుతుంది. పైది ఫైల్లోకి పోతుంది, కిందిది పుస్తకంలో ఉండిపోతుంది. పిలుపు కార్డులు రాసేటప్పుడు టైపిస్టు తప్ప ఆ కింది కాగితాల మొహం ఎవరూ చూడరు. రెండువేల ఏళ్ల నాటి రాతలో ఒక్క అక్షరం తేడా వస్తే పట్టేసే పెద్దాయన, తన చేతి కిందే కార్బన్ ఉందన్న సంగతి మరిచిపోయాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమంటే ఇదే.

నీలంగా, కాస్త అలికినట్టున్న అక్షరాలు. చిన్నమ్మాయి కిటికీ దగ్గరికి జరిగి చదివింది.

"శ్రోత నంబరు: ఏడు. వయసు: డెబ్బై ఒకటి. వృత్తి: బట్టలు కుట్టడం.

"విన్నాక ఆయన మీకెలా కనిపించారు? — మనిషిలా కనిపించాడు.

"ఏ మాటైనా గుచ్చుకుందా? — లేదు. కోపం అన్న చోట ప్రాణానికి హాయిగా ఉంది.

"ఇలాంటిది మీరెక్కడైనా చూశారా? — చూశాను. మా తొమ్మిదేళ్ల పిల్లను గోతిలోకి దించుతుంటే నాకూ ఇలాగే వచ్చింది. నన్ను నోరు ముయ్యమన్నారు. మరి ఈయన్ని ఎవరూ నోరు ముయ్యమనలేదా?"

కింద, చదివి వినిపించినవారి సంతకం. పెద్దాయనది.

మొదటిసారి చదివినప్పుడు అర్థం కాలేదు. రెండోసారి ప్రతి మాట కిందా వేలు పెట్టి చదివింది. మూడోసారికి అరికాలి మంట నెత్తికెక్కింది. తొమ్మిదేళ్ల పిల్ల. డెబ్బై ఒక్క ఏళ్ల ఆడమనిషి. చదివింది నాన్న. ఇంకా లెక్కలు కట్టుకుంటూ కూర్చోవడానికి ఆమేమీ వెర్రిబాగులది కాదు. అమ్మ ఉంది. ఉండటమే కాదు, మాట్లాడింది. ఆ మాట్లాడిన కాగితాన్ని ఈ మహానుభావుడు చింపి పారేశాడు.

బీరువా తలుపు ధడాలున మూసి, తలుపు తట్టకుండానే పెద్దాయన గదిలోకి దూసుకుపోయింది.

పెద్దాయన పెన్సిలు చెక్కుకుంటున్నాడు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, ఇప్పటికీ ఇస్త్రీ చొక్కా నలగదు. తల ఎత్తకుండా అన్నాడు, "తలుపు తట్టి రావడం ఎప్పుడు మానేశావు?"

"దొంగతనం బయటపడ్డాక. ఇదేంటి నాన్నా?"

పుస్తకం ఆయన ముందు పడేసింది. పెన్సిలు పొట్టంతా చెదిరి బల్ల మీద పడింది. పెద్దాయన ఆ నీలం అక్షరాల వైపు చూశాడు. కార్బన్ వైపు చూశాడు.

"ఎవరో దర్జీ ముసలావిడ," అన్నాడు. "పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లు లోకంలో ఒకరా ఇద్దరా?"

"నా చెవుల్లో పువ్వులేమైనా కనిపిస్తున్నాయా మీకు? తొమ్మిదేళ్ల పిల్ల! నోరు ముయ్యమన్నారు! పైగా చదివింది మీరు! మధ్యలో లేచి వెళ్లిపోయిందన్నారే, మూడు ప్రశ్నలకూ జవాబులు చెప్పి మరీ లేచి వెళ్లిందా?"

పెద్దాయన పుస్తకం మూసి పక్కకు జరిపాడు.

"అమ్మ ఈ ఊరొచ్చి ఎన్నాళ్లయింది?"

"ఆరేళ్లు. వాళ్లన్నయ్య పోయాక ఇక్కడ మేనకోడలి ఇంటికొచ్చింది."

"ఆరేళ్లు!" చిన్నమ్మాయి గొంతు కిందనున్న ప్రెస్సు దాకా వినిపించి ఉంటుంది. "ఆరేళ్లుగా మీకు తెలుసు. పదిహేనేళ్లప్పుడు నేను మావయ్య ఊరికి ఉత్తరం రాస్తే చిరునామా దొరకలేదని తిరిగొచ్చింది. వారం రోజులు దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాను. మీరే కదా తల నిమిరి, మనమంటే ఇష్టం లేనివాళ్ల కోసం ఏడవకూడదమ్మా అన్నది? మరి మీరెందుకెళ్లారు ఆ ఇష్టం లేని మనిషి దగ్గరికి?"

"పన్నెండుమంది శ్రోతలు దొరకలేదు."

"ఛీ!" అంది చిన్నమ్మాయి. "అబద్ధమైనా అతికేలా ఆడండి. కింద వీధిలోకెళ్లి చిటికేస్తే ఇరవైమంది వస్తారు."

పెద్దాయన కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. మాట తోచనప్పుడల్లా ఆయన చేసే పని అదే. చిన్నప్పుడు ఆ తుడుపు చూస్తే నాన్న ఆలోచిస్తున్నాడని ఆమెకు గౌరవం కలిగేది. ఇవాళ ఒళ్లు మండింది.

"మాట గురించి మాట్లాడుకుందాం," అన్నాడు చివరికి. "ఇంటి గొడవలు ఆఫీసులోకి తేవద్దు."

"తెచ్చింది ఎవరు? సరే, మాట గురించే మాట్లాడదాం. నా పంతొమ్మిదో ఏట ఇదే బల్ల దగ్గర కూర్చోబెట్టి మీరు కంఠతా పట్టించారు. ఈ మాట సువార్తల్లో ఐదుసార్లొస్తుంది. కుష్ఠురోగిని బాగుచేసి, ఎవరికీ చెప్పకు పో అని గద్దించి పంపినప్పుడు. చూపొచ్చిన ఇద్దరు గుడ్డివాళ్లను అలాగే హెచ్చరించినప్పుడు. ఖరీదైన అత్తరు ప్రభువు తలమీద పోసినందుకు ఒక ఆడమనిషి మీద అక్కడున్నవాళ్లంతా విరుచుకుపడ్డప్పుడు. ఆ మూడు చోట్లా మీ చేత్తోనే రాశారు, గద్దించారు, మండిపడ్డారు అని. అంతకు ముందరి గ్రీకువాళ్లు దాన్ని దేనికి వాడారో చెప్పిందీ మీరే. కళ్లెం బిగిస్తే గుర్రాలు ముక్కుపుటాలు ఎగరేసి బుసకొట్టడానికి! ఇంత చెప్పినవాళ్లు సమాధి దగ్గరికొచ్చేసరికి మూలుగెక్కణ్ణుంచి తెచ్చారు?"

"సందర్భం చూడాలి. ఈ అధ్యాయంలో ఉన్న మిగతా రెండు చోట్లే 'ఆత్మలో' అనీ, 'తనలో తాను' అనీ ఉంది. అంటే లోపలికి తిరిగింది. లోపలికి తిరిగింది దుఃఖమవుతుంది. నాకంటే పెద్దవాళ్లు అలాగే రాశారు."

"లోపలికి తిరిగితే కోపం కాస్తా దుఃఖమైపోతుందా? ఎవరికి అయిపోతుంది నాన్నా? ఇదిగో, నాకు అరగంట నుంచీ లోపలే ఉంది. శుభ్రంగా కోపంగానే ఉంది!"

పెద్దాయన ఏదో అనబోయాడు. అంతలో తలుపు సందులోంచి టైపిస్టు తల దూర్చింది. ఆవిడ వేళ్లూ నోరూ ఒక్కలాగే ఆడతాయి కాబట్టి ఆఫీసంతా ఆవిణ్ణి టకటకమ్మ అంటారు.

"అరుపులు విని రాకూడదనే అనుకున్నానండీ, కానీ పదకొండు కావొస్తోంది, రెండో వినికిడికి జనం వచ్చేస్తారు, కుర్చీలు చూస్తే పదకొండే వేశారు, ఇదేం లెక్కండీ? ఒకటి నా కుర్చీ తెచ్చి వేశాను, నేను నిలబడతాలెండి, నాకేం కాళ్లు నొప్పులా."

"పదకొండే," అన్నాడు పెద్దాయన. "పదకొండుమందే వస్తారు."

"అదేంటండీ! పన్నెండు కార్డులు రాశానుగా. ఎప్పటిలాగే కార్బన్ పుస్తకంలో వెనకాల ఉన్న చిరునామాలు చూసి రాసి శనివారమే పోస్టులో వేశాను. ఒకటీ రెండూ మూడూ... ఏడుకి కూడా. నిన్న ఏడో నంబరావిడ ఎవరి చేతో కబురు కూడా పంపింది, తప్పకుండా వస్తున్నానని. పెద్దావిడ, పాపం, రెండు బస్సులు మారాలట."

టకటకమ్మ ఇద్దరి మొహాలూ చూసింది. జీవితంలో మొదటిసారి నోరు కట్టేసుకుని, తలుపు మెల్లగా దగ్గరికేసి వెళ్లిపోయింది.

రెండో వినికిడి అంటే మరేం లేదు. దిద్దుబాట్లన్నీ అయ్యాక, అచ్చుకు పోబోయే పేజీని అదే పన్నెండుమందికీ ఒక్కచోట కూర్చోబెట్టి చదువుతారు. అది అయ్యాక అనువాదకులు పేజీ అంచున పొట్టి సంతకాలు చేస్తారు. ఒక్క సంతకం తక్కువైనా పేజీ కిందికి, ప్రెస్సుకు దిగదు. చదివేది ఎప్పుడూ పెద్దాయనే. అంటే ఇంకో పావుగంటలో ఆయన ఆ మనిషి ఎదురుగా నిలబడి "మూలిగారు" అని చదవాలి.

"నువ్వు కిందికెళ్లు," అన్నాడు పెద్దాయన. "గేటు దగ్గరే ఆపు. వాయిదా పడిందని చెప్పు. ఒక్క ఆవిడికే చెప్పు."

"నేనా?"

"నువ్వు చెబితే అనుమానం రాదు. నువ్వెవరో ఆవిడకు తెలీదు. అనువాదకులు ఎవరో శ్రోతలకు చెప్పకూడదు కదా, నేనూ చెప్పలేదు."

చిన్నమ్మాయిని ఐదేళ్లప్పుడు విడిచిన తల్లి. ఆమె తన కూతురు రాసిన వాక్యం విని ప్రాణానికి హాయిగా ఉందని చెప్పింది. రాసింది నీ కూతురే అని ఎదురుగా కూర్చున్న మనిషి ఒక్క ముక్క అనలేదు. ఇప్పుడు ఆ కూతుర్నే పంపి గేటు దగ్గర్నుంచే ఆమెను వెనక్కి తోలమంటున్నాడు!

"నువ్వు మనిషివేనా?" అంది.

ఇంట్లో, ఆఫీసులో, కలలో కూడా ఆమె తండ్రిని "మీరు" తప్ప ఇంకోలా పిలవలేదు. ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. వచ్చాక వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

"ఎందుకెళ్లావు అమ్మ దగ్గరికి? నిజం చెప్పు. ఇవాళ నిజం చెప్పకపోతే ఈ పేజీ మీదే కాదు, ఇక ఏ పేజీ మీదా నా సంతకం ఉండదు. పన్నెండేళ్ల పని నీ బీరువాలోనే పెట్టుకుని తాళం వేసుకో."

పెద్దాయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు.

"నీ వాక్యం చదివాక నిద్ర పట్టలేదు," అన్నాడు. "తను వినాలనిపించింది. విని, ఛీ, ప్రభువుకు కోపమేంటి అంటుందనుకున్నాను. అంటే బావుండుననుకున్నాను. అనలేదు."

"అంటే నీకేం ఒరిగేది?"

"పెద్దది పోయిన నాలుగో రోజు ఆదివారం. చర్చి సంఘంలో నేనే మాట్లాడాలి. ఈ వచనమే తీసుకున్నాను. ప్రభువంతటివాడే సమాధి దగ్గర మూలిగి ఊరుకున్నాడు, అక్కడ కోపం తెచ్చుకోవడం విశ్వాసం లేనివాళ్ల పని అన్నాను. మీ అమ్మ మూడో వరసలో ఉంది. అందరూ తనవైపే తిరిగి చూశారు. లేచి బయటికి నడిచింది. మళ్లీ ఇంటికి రాలేదు."

"అప్పటికి నీకు ఈ మాట సంగతి తెలుసా?"

పెద్దాయన పెన్సిలు పొట్టును బల్ల అంచుకు ఊడ్చసాగాడు.

"ఐదు చోట్లూ తెలుసా? గుర్రాల సంగతి తెలుసా? నన్ను చూసి చెప్పు!"

"తెలుసు," అన్నాడు పెద్దాయన. "కోపమని తెలిసే మూలుగని చెప్పాను."

చిన్నమ్మాయి కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది. లేకపోతే బల్లమీద నిఘంటువు ఎత్తి గోడకేసి కొట్టేదే. తల్లి దేవుణ్ణి తిట్టిందని, ఆ తల్లి కూతురన్న మచ్చ తనమీద పడకూడదని, చిన్నప్పటినుంచీ ఎక్కడా గొంతెత్తకుండా, ఎవరేమన్నా నవ్వి ఊరుకుని, మంచమ్మాయి అనిపించుకుని బతికింది. ముప్ఫై ఎనిమిదేళ్లు! అదంతా ఈ మనిషి ఒక ఆదివారం పూట తెలిసి తెలిసి చెప్పిన అబద్ధం మీద నిలబెట్టిన బతుకా?

"నాకు వేరే దారి లేకపోయింది," పెద్దాయన గొణిగాడు. "జ్వరం నూట ఐదు. ఆస్పత్రి వరండాలో బెంచీ మీద రెండు గంటలు కూర్చున్నాం. మీ అమ్మ తలుపు బద్దలు కొడతానని లేచింది. నేనే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. మన వంతు వస్తుంది, గొడవ చెయ్యకు, నలుగురూ చూస్తున్నారు అన్నాను. వంతు వచ్చింది. అప్పటికి పిల్ల ఒళ్లు చల్లబడింది."

చిన్నమ్మాయి మనసు ఒక్క అంగుళం అటు జరిగింది కూడా. మనిషన్నాక జరుగుతుంది. కానీ వెంటనే ఇంకో ప్రశ్న తన్నుకొచ్చింది. ఇన్నేళ్లలో అడగాలని తట్టనే తట్టని ప్రశ్న.

"అమ్మ దేవుణ్ణి తిట్టిందన్నారు. సమాధి దగ్గర ఆవిడ అసలేమని అరిచింది?"

పెద్దాయన నోరు తెరిచాడు. కింద మెట్ల దగ్గర గంట మోగింది. "రండి రండి, చెప్పులు అక్కడ వదలండి" అంటూ టకటకమ్మ గొంతు. పెద్దాయన నోరు మళ్లీ మూసుకుంది. పేజీ తీసుకుని లేచి, కూతుర్ని దాటుకుని హాల్లోకి నడిచాడు.

హాలు చిన్నది. పన్నెండు కుర్చీలు, మూలన మంచినీళ్ల డబ్బా, గోడకు గడియారం. కరెంటు పని చేసేవాడు, రిటైరైన కండక్టరు, కూరగాయలమ్మే అక్కాచెల్లెళ్లు, ఒక్కొక్కరే వచ్చి కార్డు చూపించి కూర్చుంటున్నారు. కార్డులు చూడటం చిన్నమ్మాయి పని. చూసి, నంబరు చెప్పి, కుర్చీ చూపించాలి. వినికిడి అయ్యేదాకా శ్రోతలతో అంతకుమించి ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. ఇదీ పెద్దాయన నియమమే.

అందరికంటే చివర ఒక ముసలావిడ మెట్లెక్కి వచ్చింది. సన్నగా, నిటారుగా ఉంది. కుట్టు మధ్యలో లేచి వచ్చినట్టుంది, మెడలో కొలతల టేపు తియ్యడం మరిచిపోయింది. ఆయాసం తీర్చుకుంటూ కార్డు చాపింది.

"ఏడో నంబరు. ఇక్కడేనా అమ్మా?"

ఆ గడ్డం చిన్నమ్మాయి రోజూ అద్దంలో చూసుకునేదే. చూపు తిప్పుకోలేకపోయింది. అమ్మా అన్నది ఆవిడ! ఊళ్లో ఏ ఆడపిల్లనైనా అన్నట్టే, దారి అడిగినట్టే అన్నది. చిన్నమ్మాయికి గొంతు చించుకుని అరవాలనిపించింది. నియమం గియమం గంగలో కలవనీ, నేనే అమ్మా అని ఆ టేపు పట్టుకుని లాగాలనిపించింది. అప్పటికే అందరూ ఇటే చూస్తున్నారు.

"ఇక్కడే. ఆ చివరి కుర్చీ," అంది. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది.

పెద్దాయన చదవడం మొదలుపెట్టాడు. పాత రోజుల్లో ఆయన చదువుతుంటే గోడలు కూడా వింటాయనేవారు. ఇవాళ మాట మాటకూ తడబడుతున్నాడు. స్నేహితుడికి జబ్బు చేసింది. కబురొచ్చింది. ప్రభువు రెండు రోజులు ఆలస్యం చేశాడు. ఆలస్యం అన్న మాట దగ్గర ఏడో నంబరావిడ తల కాస్త వంచింది. అక్క ఎదురొచ్చింది. తర్వాత చెల్లెలు వచ్చి, "నువ్విక్కడ ఉండి ఉంటే వాడు బతికేవాడు" అని కాళ్లమీద పడింది. ప్రభువు ఆమె ఏడుపు చూశాడు, జనం ఏడుపు చూశాడు.

పెద్దాయన ఆగాడు.

కండక్టరు దగ్గాడు. కూరగాయల అక్క చెల్లెలి చెవిలో ఏదో అంది. పెద్దాయన పేజీ మీదినుంచి తలెత్తి చివరి కుర్చీ వైపు చూశాడు. ఆవిడా చూసింది. ముప్ఫై ఎనిమిదేళ్ల కిందట మూడో వరసలోంచి చూసినట్టే చూసి ఉంటుంది.

"ఈ వచనం నేను చదవను," అన్నాడు. "రాసిన మనిషి చదువుతుంది. మా చిన్నమ్మాయి."

ఏడో నంబరు కుర్చీ కిర్రుమంది. ఆవిడ తల తిప్పి, గుమ్మం దగ్గర కార్డుల కట్ట పట్టుకుని నిలబడ్డ నెరిసిన తల మనిషిని చూసింది. పైనుంచి కిందికి చూసింది.

చిన్నమ్మాయికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి, వాటితోబాటే ఒళ్లంతా భగ్గుమంది. చూశారా పెద్దమనిషి తెలివి! ఆవిడ మొహం చూసి మూలుగని అనడానికి ధైర్యం లేదు, కోపమని ఒప్పుకోవడానికి మనసు రాదు. రెండూ తప్పించుకుని బరువు కూతురి నెత్తిన పెట్టాడు. తల్లికి కూతుర్ని చూపించిన తీరు కూడా ఇదా? పదకొండుమంది పరాయివాళ్ల మధ్య, పనిలో పనిగా?

విసవిసా నడిచి వెళ్లి ఆయన చేతిలోంచి పేజీ లాక్కుంది. తన వాక్యం మీద కొట్టివేత గీత అలాగే ఉంది. పైన పెన్సిలు రాత అలాగే ఉంది. ఏదీ చెరపలేదు. చదవమన్నాడు కానీ ఏది చదవాలో చెప్పలేదు.

ఆమె ఎవరినీ అడగలేదు.

"ఆయనకు," అని మొదలుపెట్టి, గొంతు సవరించుకుని, హాలంతా వినబడేలా చదివింది, "ఆయనకు లోపలినుంచి కోపం పొంగుకొచ్చింది."

కరెంటు పని చేసేవాడు మొహం చిట్లించాడు. పెద్దాయన గోడవైపు చూస్తున్నాడు. ఏడో నంబరావిడ కుర్చీ చేతులు పట్టుకుని, మోకాళ్ల మీద బరువేసి, మెల్లగా లేచి నిలబడింది.

"నాదొక ప్రశ్న," అంది.

రెండో వినికిడిలో శ్రోతలు ఏదైనా అడగొచ్చు. చదివినవాళ్లు మాత్రం జవాబు చెప్పకూడదు, రాసుకోవాలంతే. చిన్నమ్మాయి చెయ్యి అలవాటుగా చీటీల పుస్తకం కోసం తడిమింది. అది లోపల బల్లమీదే ఉండిపోయింది.

"అడగండి," అంది. ఆ మర్యాద నాలుకకు చేదుగా తగిలింది.

"ఆయనకు కోపం వచ్చిందన్నావు. ఎవరి మీదమ్మా?"

అడిగింది కూతుర్ని. చూపు మాత్రం పెద్దాయన మీదినుంచి కదల్లేదు.

హాల్లో మిగతా తలలన్నీ ఆ చూపు వెంట తిరిగాయి. పెద్దాయన గోడవైపు నుంచి మెల్లగా ఇటు తిరిగి, తను పెట్టిన నియమాన్ని తనే తప్పుతూ, జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు.